నీటి నిబంధనలు పాటిస్తే చేపల రైతు ధరలో వెనకబడతాడా?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై): మా మామయ్యగారికి కైకలూరు దగ్గర రోహు, కట్ల చెరువులున్నాయి. మురుగునీటిని శుద్ధి చేసి వదలాలంటే ఖర్చు పెరుగుతుంది కదా, ఆ పని చేయని పొరుగు రైతుతో ఆయన ధరలో ఎలా పోటీపడగలరు?

జవాబు (పెరంబూరు): నిబంధన కంటే దాని అమలులో జాప్యమే ఎక్కువ నష్టం చేస్తుందండి. కైకలూరు పక్కనున్న కొల్లేరు సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా) వచ్చింది, అయినా ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లను అధికారులు తెగ్గొట్టింది 2006లోనే. ఈలోగా అప్పు తెచ్చి తవ్వినవారి గతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

జవాబు (అడయారు): మన చెన్నైలోనే ఉన్న కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ 2005 చట్టం కింద ఏర్పడింది, దాని పరిధి తీరప్రాంత ఉప్పునీటి సాగు; మంచినీటి చెరువుల బాధ్యత ప్రధానంగా రాష్ట్రానిదే. ఇక ఖర్చు సంగతి: చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి కర్రలకు వేలాడదీస్తే, చేప తిన్నంతే తింటుంది, అడుగున కుళ్లి అమ్మోనియాగా మారేది తగ్గుతుంది. మేతే పెద్ద ఖర్చు కాబట్టి, ఇక్కడ పర్యావరణమూ లాభమూ ఒకే వైపున ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు: మామయ్యగారు సంచులే కడతారండి. సాయంత్రానికి ఎంత మిగులుతోందో చూసి రాయమని ఈరోజే చెబుతాను.