మా సండేస్కూల్ అమ్మగారికి శాలువా కాకుండా ఇంకేం చేయొచ్చు?

అందరికీ వందనాలు. మాది గుంటూరు, లూథరన్ సంఘం. 1842లో హయ్యర్ దొరగారు మిషన్ మొదలుపెట్టిన ఊరు కదా, మిషనరీల పేర్లు అందరికీ నోటికొచ్చు. మనకు వాక్యం నేర్పిన టీచరమ్మలనే ఎవరూ తలుచుకోరు.

మా టీచరమ్మగారు ఈ క్రిస్మస్‌తో సండేస్కూల్ మానేస్తున్నారు. పెద్దలు శాలువా, మెమెంటో అంటున్నారు. నాకది చాలదనిపిస్తోంది. ఏ పిల్లాడు ఏ కంఠత వాక్యం ఒప్పజెప్పాడో ఆవిడ బైబిల్ అంచుల్లో పెన్సిల్‌తో రాసి ఉంది. పేజీలు ఊడిపోతున్నాయి. కుట్టు విప్పకుండా స్కాన్ చేసేవాళ్లు బ్రాడీపేట, అరండల్‌పేట వైపు ఎవరైనా ఉన్నారా?

ఇంకో టెన్షన్: ఇంగ్లిష్ మీడియం పిల్లలకు తెలుగు చదవడం రాదు. అమ్మగారు పాడే కీర్తనలు రికార్డు చేసి ఇస్తే వింటారా, పక్కన కూర్చోబెట్టి నేర్పించాలా? మీ సంఘాల్లో ఏం చేశారు? ఆవిడకు మైకంటే భయం, అదీ చూసి చెప్పండి.