ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ వేగం పోల్చాలంటే ఏమేం సమానం చేయాలి?

పెన్‌డ్రైవ్ (ప్రశ్న):
ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటు 24.04 (లినక్స్) డ్యూయల్ బూట్‌లో ఉన్నాయి, అంటే ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకుంటా. 16 జీబీ ర్యామ్, ఒకటే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఒక సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు విండోస్‌లో విజువల్ స్టూడియో కంపైలర్‌తో, ఉబుంటులో జీసీసీ కంపైలర్‌తో కంపైల్ చేస్తే (కోడ్‌ను మెషీన్ నడిపే రూపంలోకి మారిస్తే) ఉబుంటు బాగా ముందుంది. పెద్ద ఫైలు కాపీ కూడా అక్కడ క్షణాల్లో అయిపోయినట్టు చూపిస్తోంది, నమ్మబుద్ధి కావట్లేదు. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి ఫలానా ఓఎస్ వేగమైనది అనొచ్చా?

సిస్‌కాల్:
అనకూడదు. మీరు కొలిచినదాంట్లో కంపైలర్ వాటా ఎంతో, ఓఎస్ వాటా ఎంతో విడదీయలేం. రెండువైపులా ఒకే వెర్షన్ క్లాంగ్ (రెండు ఓఎస్‌లలోనూ నడిచే కంపైలర్) పెట్టినా సగం పనే అవుతుంది. విండోస్ హెడర్లు (కోడ్‌లోకి చేర్చుకునే డిక్లరేషన్ల ఫైళ్లు) వేరు, స్టాండర్డ్ లైబ్రరీ వేరు, అంటే కంపైలర్ చదివే లైన్లే వేరు. అందుకని రెండుచోట్లా టార్గెట్ లినక్స్ అనే ఇచ్చి, ఒకే సిస్‌రూట్ ఫోల్డర్ (టార్గెట్ ఓఎస్ హెడర్లు, లైబ్రరీలు ఉండేది) వాడి, ఆబ్జెక్ట్ ఫైళ్ల వరకే, అంటే చివరి ప్రోగ్రాముగా లింక్ చేయకుండా, కంపైల్ చేయించండి. విండోస్‌లో నడిచే క్లాంగ్ లినక్స్‌కీ కోడ్ తయారుచేస్తుంది. ఆప్టిమైజేషన్ స్థాయి ఓ2, నింజాకు (కంపైల్ పనుల్ని నడిపించే బిల్డ్ టూల్) ఇచ్చే జాబుల సంఖ్య రెండువైపులా సమానంగా ఉండాలి.

ఇక్కడో చిక్కుంది. సిస్‌రూట్ కాపీ చేసేటప్పుడు సింబాలిక్ లింకులను (వేరే ఫైలును చూపించే గుర్తులు) అసలు ఫైళ్లుగా మార్చుకోవాలి. లినక్స్ నెట్‌ఫిల్టర్ (నెట్‌వర్క్ ప్యాకెట్లను వడపోసే భాగం) హెడర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా మాత్రమే ఉన్న పేర్లున్నాయి. విండోస్‌లో అవి ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. ప్రాజెక్టుకు అవసరం లేకపోతే ఆ హెడర్ల ఫోల్డర్ రెండువైపులా తీసేయండి.

అప్పటికీ విండోస్ వెనకబడితే ముందు రెండింటిని అనుమానించండి: కొత్త ప్రాసెస్ మొదలుపెట్టడానికి అక్కడ ఎక్కువ ఖర్చవుతుంది, ఫైళ్లు తెరిచేటప్పుడు డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) తనిఖీ చేస్తుంది. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే రెండోది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫైల్ సిస్టమ్‌నే కొలవాలంటే ప్రాజెక్టు ఫోల్డర్‌ను డిఫెండర్ మినహాయింపుల్లో పెట్టండి.

డర్టీపేజ్:
ఆ చివరి మాటకు షరతు పెట్టాలి. మామూలు వాడుకరికి ఏది వేగం అన్నదే మీ ప్రశ్న అయితే డిఫెండర్ ఉండాల్సిందే, అది ఆ ఓఎస్‌లో భాగం. ఇన్‌స్టాల్ చేసినట్టే వాడితే ఎంత, కెర్నల్ (ఓఎస్ మూల భాగం) వరకే చూస్తే ఎంత అన్నవి రెండు వేర్వేరు పరీక్షలు. ఒకే పట్టికలో కలపొద్దు.

కాపీ సంగతి: లినక్స్ డేటాను ముందు ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లో పెట్టి పని అయిందంటుంది, డిస్కు మీదికి తర్వాత రాస్తుంది. కాపీ కమాండ్ వెనకే సింక్ కమాండ్ (మిగిలినదంతా డిస్కు మీదికి రాయించేది) పెట్టి, రెండూ కలిపి టైము కొలవండి. విండోస్ కూడా క్యాష్ చేస్తుంది కానీ ఎప్పుడు ఎంత రాస్తుందో ఆ పద్ధతి వేరు. ఫైలు కనీసం 32 జీబీ, అంటే ర్యామ్‌కు రెట్టింపు ఉండాలి. ఇంకా నయం, ఎఫ్‌ఐఓ (డిస్కు వేగం కొలిచే టూల్) వాడి, క్యాష్‌ను దాటేసే డైరెక్ట్ ఆప్షన్ 1 పెట్టండి. ఇంజిన్ (డిస్కుకు పనులు పంపే పద్ధతి) లినక్స్‌లో ఐఓ యూరింగ్, విండోస్‌లో విండోస్ ఏఐఓ. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌ను లినక్స్ నుంచి తెరిచి కొలవకండి, అక్కడ పరీక్షకొచ్చేది లినక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్.

ఎన్‌క్రిప్షన్ కూడా చూసుకోండి. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అర్హత ఉన్న మెషీన్లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ కావచ్చు. ఉబుంటులో మీరు ఎంచుకుంటేనే. రెండింట్లో ఉండాలి, లేదా రెండింట్లో ఉండకూడదు.

హీట్‌సింక్:
ఛార్జర్ పెట్టే కొలవండి. విండోస్ పవర్ మోడ్‌లో బెస్ట్ పెర్ఫార్మెన్స్, ఉబుంటులో పెర్ఫార్మెన్స్ ప్రొఫైల్. లినక్స్‌లో ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్‌లో గవర్నర్ (ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో నిర్ణయించే పద్ధతి) పవర్‌సేవ్ అని కనిపిస్తే కంగారొద్దు, అవసరాన్నిబట్టి అది ఫ్రీక్వెన్సీ పెంచుతుంది. ఏసీపీఐ సీపీయూఫ్రెక్ అనే మరో డ్రైవర్‌లో మాత్రం అదే పేరున్న గవర్నర్ కనిష్ఠ ఫ్రీక్వెన్సీకి కట్టేస్తుంది.

ల్యాప్‌టాప్ చల్లగా ఉన్నప్పుడు మొదటి రన్ టర్బోతో (ప్రాసెసర్ తాత్కాలికంగా పెంచుకునే వేగం) దూసుకెళ్తుంది, తర్వాతివి మందగిస్తాయి. ముందు ఏది కొలిస్తే దానికే లాభం. అందుకే విండోస్, లినక్స్, లినక్స్, విండోస్ అనే వరసలో చేయండి. బూట్ అయ్యాక అప్‌డేట్లు, సెర్చ్ ఇండెక్సింగ్ సద్దుమణిగేదాకా 15 నిమిషాలు ఆగండి. ఒక రన్ వదిలేసి, ఆపై కనీసం 5 తీసుకుని మీడియన్‌తోపాటు (వరసలో నడిమి విలువ) కనిష్ఠ, గరిష్ఠాలూ రాయండి. ఆ రెండింటి మధ్య దూరం కన్నా ఓఎస్‌ల తేడా చిన్నదైతే గెలుపోటములు ప్రకటించొద్దు. కమాండ్ల టైము కొలిచే హైపర్‌ఫైన్ టూల్ రెండుచోట్లా పనిచేస్తుంది. దాని ప్రిపేర్ ఆప్షన్‌లో పాత బిల్డ్‌ను తుడిచే కమాండ్ ఇవ్వండి.

పెన్‌డ్రైవ్:
బూట్ టైము, ర్యామ్ వాడకం కూడా పోల్చాలనుంది. డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) కొలిస్తే రీబూట్లు తప్పుతాయి కదా?

డర్టీపేజ్:
తప్పుతాయి, కానీ డబ్ల్యూఎస్‌ఎల్ 2 వర్చువల్ మెషీన్. పైగా సీ డ్రైవ్‌లోని ఫైళ్లను అందులోంచి తెరిస్తే 9పీ ప్రోటోకాల్ (ఫైళ్లను పంచుకునే పద్ధతి) మీదుగా వెళ్లి బాగా నెమ్మదిస్తుంది. బూట్ టైముకు విండోస్‌లో షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజానికి కెర్నల్‌ను హైబర్నేట్ చేస్తుంది, అంటే దాని స్థితిని డిస్కులో దాస్తుంది. ర్యామ్ విషయంలో లినక్స్‌లో ఫ్రీ అన్న గడి వదిలేసి అవైలబుల్ గడి చూడండి. ఖాళీ డెస్క్‌టాప్ మీది అంకె పెద్దగా ఏమీ చెప్పదు. మీరు రోజూ వాడే ప్రోగ్రాములన్నీ తెరిచాక స్వాప్ లేదా పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడే చోటు) వైపు ఎంత రాత జరుగుతోందో చూడండి.