‘ప్రసంగాత్’ అంటే ఏమిటి?

ఇంట్లో ఎవరికైనా కళ్లకలక వస్తే మా తాతగారు తువ్వాళ్లు వేరుచేసి ఒక శ్లోకం చదివేవారు. ‘గాత్రసంస్పర్శాన్నిశ్వాసాత్ సహభోజనాత్’, చివర ‘ఔపసర్గికరోగాశ్చ సంక్రామంతి నరాన్నరమ్’. ముందు ఇంకో మాట ఉండాలి, గుర్తురావడం లేదు. ఔపసర్గికం అంటే అంటువ్యాధే కదండీ?

— ఆయుర్వేద గ్రంథం సుశ్రుతం, నిదానస్థానం, 5వ అధ్యాయం చివర. ముందున్నది ‘ప్రసంగాత్’. మన ఉపన్యాసం కాదు, స్త్రీపురుష సంగమం.

— సంగమమే ఎందుకవ్వాలి మాస్టారూ? శ్లోకంలో తర్వాత ‘సహశయ్య’, అంటే ఒకే పక్క, ఎలాగూ వస్తోంది. ‘పదేపదే’ అని తీసుకుని తర్వాతి మాటలకు కలపండి: పదేపదే తాకడం, ఒకరి ఊపిరి ఒకరికి తగలడం, ఒకే కంచంలో తినడం.

— ఒకే పక్కమీద పిల్లలూ పడుకుంటారు. కాబట్టి రెండూ వేరే. నా అర్థం మార్చుకోను.

— ఔపసర్గికం సంగతి వదిలేశారు. అదే గ్రంథం సూత్రస్థానం 35లో ఆ మాటకు ముందున్న రోగానికి తర్వాత వచ్చి తోడయ్యేది, అంటే ఉపద్రవం, అని అర్థం. మనిషి నుంచి మనిషికి కాదు, రోగం మీద రోగం.

— వ్యాకరణంలో ఉపసర్గ ముందు చేరుతుంది, ఇది వెనక చేరుతోందే! నన్నడిగితే అంటడం ‘సంక్రామంతి’లోనే ఉంది. సంక్రాంతిలో ఉన్న ధాతువే. సూర్యుడు రాశి నుంచి రాశికి, జ్వరం నరుడి నుంచి నరుడికి.

— మన ‘అంటు’ ఏం తక్కువ? అంటుమామిడి, అంట్లు, అంటురోగం అన్నీ అందులోనే. లాటిన్ ‘కంటాజియో’లోనూ ఉన్నది తాకడమే.

— ఆ అంటునే మనుషులకూ అంటగట్టాం. జాషువా ‘గబ్బిలం’ తలుచుకోండి. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు, దానికి గుడిలో అడ్డు లేదు గనక. సుశ్రుతుడి ఈ శ్లోకంలో కులం ఊసే లేదు. ఊపిరి, కంచం, పక్క, బట్టలు, పూలు, గంధం, అంతే.

— కాళిదాసు మేఘసందేశంలో మబ్బుతో కబురంపే యక్షుడిది విరహం, ఇక్కడ ఆకలి. ఆ ఒక్క మార్పుకే జాషువాకు దండం పెట్టాలి. ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది.

— అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు గుర్తొచ్చింది, తాతగారు ఎప్పుడూ ‘గాత్ర’ దగ్గరే ఎత్తుకునేవారు. ఆ మొదటి మాట ఆయన నోట నేనసలు వినలేదు.

— ఎదురుగా ఉన్నది పిల్లలు కదమ్మా. ఆయనా సంగమమనే అర్థం చేసుకున్నట్టున్నారు.

— మరిచిపోయీ ఉండొచ్చు. ‘పదేపదే’నే నా మాట.