కార్డు బిల్లు ఆటోపే: గడువు రోజునే కట్ అవ్వాలా, నాలుగు రోజుల ముందే కట్టేయాలా?

మారతహళ్లి_మధ్య
బెంగళూరులో మనవాళ్ళు చాలామందికి జీతం నెలాఖరున పడుతుంది, ఐదో తేదీలోపు అద్దె పోతుంది, వెంటనే ఈఎంఐలు. వీటి మధ్య క్రెడిట్ కార్డు బిల్లును ఆటోపేకి వదిలేసి గడువు రోజునే కట్ అవనివ్వాలా, ముందే చేత్తో కట్టేయాలా? నా మాట గడువు రోజుకే. ఆఖరి రోజు దాకా డబ్బు మన అకౌంట్లోనే ఉంటుంది. దాన్ని ముందే ఎందుకు వదులుకోవాలి?

లెక్కలపుస్తకం
మధ్య గారూ, ఆ డబ్బు మన దగ్గరున్నందుకు వచ్చేదెంతో చూడండి. బిల్లు 60,000, సేవింగ్స్ వడ్డీ ఏడాదికి 2.5 శాతం అనుకుంటే నాలుగు రోజులకు దాదాపు 16 రూపాయలు.

డెబిట్ ఫెయిలై ఒక్కరోజు ఆలస్యమైతే? వడ్డీ లేని గడువు పోవచ్చు, అప్పుడు కొన్న తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. కొనుగోళ్ళు సగటున స్టేట్‌మెంట్‌కి 15 రోజుల ముందు జరిగాయనీ, గడువుకి మరో 18 రోజులనీ అనుకుంటే మొత్తం 34 రోజులు. నెలకు 3.5 శాతం చొప్పున 2,347 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 2,770. బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్ళకూ మొదటిరోజు నుంచే వడ్డీ. పదహారు రూపాయల కోసం ఇంత ప్రమాదం ఎందుకండీ?

జయనగర్_నాలుగోబ్లాక్
గడువు దాటాక మూడు రోజుల వెసులుబాటు ఉందిగా. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, బాకీ మూడు రోజులకు మించి నిలిస్తేనే లేటు ఫీజు వెయ్యాలి, అప్పుడే క్రెడిట్ బ్యూరోలకు (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలకు) చెప్పాలి. డెబిట్ ఫెయిలైనా సరిదిద్దుకునే టైముంది. కాబట్టి గడువు రోజు ఆటోపేలో అంత భయపడాల్సింది లేదు.

లెక్కలపుస్తకం
ఆ నియమం లేటు ఫీజు లాంటి జరిమానాల గురించి, బ్యూరోకి చెప్పడం గురించి. అందులో వడ్డీ మాట లేదు. ఆ మూడు రోజుల్లో కట్టినా వడ్డీ వేస్తారా లేదా అన్నది మీ కార్డు షరతుల్లో చదువుకోవాలి. పైగా మూడు రోజులు దాటితే లేటయిన రోజుల లెక్క నాలుగో రోజు నుంచి కాదు, అసలు గడువు తేదీ నుంచే. 2025 జనవరి 1 నుంచి బ్యూరోలకు సమాచారం కనీసం పదిహేను రోజులకోసారి వెళ్తోంది, కాబట్టి మచ్చ పడటానికీ ఎక్కువ కాలం పట్టదు.

బెళ్లందూరు_బ్యాంకింగ్
అసలు విషయం తేదీ కాదండీ, డెబిట్ ఏ దారిలో వస్తుందన్నది. ఆటోపేలన్నీ ఒకటి కావు.

కార్డు, సేవింగ్స్ అకౌంటు ఒకే బ్యాంకులో ఉంటే అది ఆ బ్యాంకు లోపలి వ్యవహారం. బ్యాలెన్స్ చాలకపోతే మళ్ళీ ప్రయత్నిస్తుందా, ఉన్నంతవరకు తీసుకుంటుందా అన్నది బ్యాంకును బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి. వేరే బ్యాంకు అకౌంటు అయితే నాచ్ మాండేట్, అంటే బ్యాంకుల మధ్య నడిచే నాచ్ వ్యవస్థ ద్వారా డబ్బు లాగడానికి మీరు ముందే ఇచ్చే అనుమతి. ఇందులో బిల్లు మొత్తం ఒకేసారి రావాలి, వంద రూపాయలు తగ్గినా డెబిట్ వాపసు పోతుంది. అప్పుడు అకౌంటున్న బ్యాంకు ఒక ఛార్జీ, కార్డు కంపెనీ ఇంకో ఛార్జీ వేస్తాయి. నిధులు చాలక డెబిట్ తిరిగిపోతే చెక్ బౌన్స్ లాగే 2007 నాటి పేమెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కిందికి కూడా రావచ్చు.

2021 ఆగస్టు 1 నుంచి నాచ్ ఆదివారాల్లో, సెలవుల్లో కూడా నడుస్తోంది. 'రేపు ఆదివారం, సోమవారం దాకా కట్ కాదు' అని లెక్కేసుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటున్నారు. డెబిట్ ఫైలు పొద్దున్నే వచ్చేయొచ్చు, జీతం మధ్యాహ్నం పడొచ్చు. డబ్బు ముందురోజు రాత్రికే అకౌంట్లో ఉండాలి.

మారతహళ్లి_మధ్య
ఆటోపే ఉంచుకునే, నాలుగు రోజుల ముందు చేత్తో కట్టేస్తే రెండు వైపులా భద్రమే కదా?

బెళ్లందూరు_బ్యాంకింగ్
కాదండీ, అదే అన్నిటికన్నా చిక్కు. ఎంత లాగాలన్నది గడువుకు కొన్ని రోజుల ముందే ఖరారైపోతుంది, ఆ తర్వాత మీరు కట్టింది లెక్కలోకి రాకపోవచ్చు. అప్పుడు 60,000 రెండుసార్లు పోతాయి. ఎక్కువగా వెళ్ళింది కార్డులో జమగా ఉండిపోతుంది, వెనక్కి కావాలంటే అడగాలి. ఆలోపు అద్దె చెక్కు ఇబ్బందిలో పడుతుంది. ముందే కట్టేవాళ్ళు స్టేట్‌మెంట్ వచ్చిన రెండు మూడు రోజుల్లో కట్టేయాలి, లేదా పూర్తిగా ఆటోపేకే వదలాలి.

నా సలహా: గడువు తేదీనే జరిపించుకోండి. బిల్లింగ్ సైకిల్ (నెల బిల్లు లెక్కగట్టే కాలం) కనీసం ఒక్కసారి మార్చుకునే హక్కు కార్డుదారుకి ఉంది. జీతం 30న పడితే గడువు 7వ తేదీ ప్రాంతంలో పడేలా అడగండి. అంటే స్టేట్‌మెంట్ 18, 20 తేదీల్లో రావాలి. మారే నెలలో బిల్లు కాలం చిన్నదో పెద్దదో అవుతుంది, ఆ ఒక్క నెల గడువు తేదీని కళ్ళతో చూసుకోండి.

జయనగర్_నాలుగోబ్లాక్
ఒప్పుకుంటాను, కానీ మూడు కార్డులున్న ఇంట్లో అన్నీ ఏడో తేదీకే తెస్తే అద్దె, ఈఎంఐ, మూడు బిల్లులు ఒకే వారంలో పడతాయి. ఒకటి తప్పినా వరసగా మిగతావీ బౌన్స్ అవుతాయి. అందుకే నేను పెద్ద బిల్లు జీతం తర్వాత, చిన్నవి పదిహేనో తేదీ తర్వాత ఉంచమంటాను.

లెక్కలపుస్తకం
అది సరైన మాట. అయితే చిన్నవాటి డబ్బు జీతం రోజే పక్కన పెట్టుకోవాలి. ఇంకో రెండు చూడండి. మాండేట్లో గరిష్ఠ మొత్తం 50,000 అని ఉంటే 60,000 బిల్లు దాని ద్వారా కట్ కాదు, పండగ నెలల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. అలాగే 'కనీస మొత్తం' ఎంచుకున్నారా, 'మొత్తం బకాయి' ఎంచుకున్నారా చూసుకోండి. కనీస మొత్తం ఎంచుకుంటే ఆటోపే ప్రతి నెలా సజావుగా జరిగినట్టే కనిపిస్తుంది, వడ్డీ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.

కేఆర్‌పురం_కొత్త
యూపీఐ ఆటోపే పెట్టుకుంటే మేలా? లక్ష దాకా పిన్ అడగదని విన్నాను.

బెళ్లందూరు_బ్యాంకింగ్
నిజమే. కార్డు బిల్లులకు, మ్యూచువల్ ఫండ్లకు, బీమా ప్రీమియాలకు ఆ పరిమితిని 2023 డిసెంబరులో 15,000 నుంచి లక్షకు పెంచారు. డెబిట్‌కి కనీసం 24 గంటల ముందు మెసేజ్ పంపాలి, అందులో మొత్తం కనిపిస్తుంది. బ్యాలెన్స్ సరిచూసుకోవడానికి ఆ ఒక్కరోజు చాలు. మాండేట్ కొత్తగా పెట్టిన నెలలో మాత్రం దాన్ని నమ్మకండి, రిజిస్టర్ అయ్యేలోపే ఆ బిల్లు గడువు దాటొచ్చు. మొదటి బిల్లు చేత్తోనే కట్టండి. రెండో నెల నుంచి డెబిట్ జరిగిన మర్నాడు కార్డు యాప్‌లో ఏ తేదీతో జమైందో చూడండి.