విచారణలోకి (పారిష్‌లోకి) కొత్తగా వచ్చినవారికి గుమ్మం దగ్గరి నమస్కారం సరిపోతుందా?

ప్రశ్న: విచారణ సలహా మండలి సభ్యురాలు

ప్రభువునందు అందరికీ వందనాలు. మా విచారణలో, అంటే ఒక గురువు కాపరిగా ఉన్న మా స్థానిక కతోలిక సంఘంలో, ఆదివారం దివ్యబలిపూజకు (మాస్‌కు) కొత్తవారు తరచుగా వస్తున్నారు. ఉద్యోగరీత్యా నివాసం మారినవారు, పెళ్ళితో ఇక్కడికి చేరినవారు, చాలాకాలం దేవాలయానికి దూరంగా ఉండి తిరిగి వస్తున్నవారు, కతోలిక విశ్వాసం అంటే ఏమిటో తెలుసుకోవాలని వచ్చేవారు వీరిలో ఉన్నారు. గుమ్మం దగ్గర ఇద్దరు సేవకులు నిలబడి నమస్కరించి, పాటల పుస్తకం చేతికిచ్చి లోపలికి పంపుతున్నారు. అయినా చాలామంది కొన్ని వారాలు వచ్చి ఆ తరువాత మానేస్తున్నారు, పైగా వారు రావడం లేదన్న సంగతి మాకు ఎంతో ఆలస్యంగా తెలుస్తోంది. విచారణ గురువులు దీని మీద ఆలోచన చెప్పమని మండలిని అడిగారు. మీ అనుభవంలో ఏది నిజంగా మనుషులను నిలబెట్టింది, ఏది పైపై మర్యాదగా మిగిలిపోయింది? దయచేసి వివరంగా రాయండి.

జవాబు 1: ఉపదేశి (విశ్వాస సత్యాలు బోధించేవారు)

సోదరి గారూ, అసలు చిక్కు ఆ ఆలస్యంలోనే ఉందని నా అభిప్రాయం. ఒక మనిషి రాకపోతే ఆ ఖాళీ ఎవరికీ కనిపించలేదంటే, ఆ మనిషి మన మధ్య ఉన్నన్నాళ్ళూ ఎవరికీ చెందకుండానే కూర్చుని వెళ్ళాడని అర్థం. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) న్యాయసంహిత 529వ నిబంధనలో విచారణ గురువు తనకు అప్పగించిన విశ్వాసులను ఎరిగి ఉండాలనీ, వారి కుటుంబాలను దర్శించి వారి చింతలలో, ముఖ్యంగా దుఃఖాలలో పాలుపంచుకోవాలనీ, పేదలను, బాధితులను, ఒంటరివారిని, స్వదేశానికి దూరమైనవారిని ప్రత్యేక శ్రద్ధతో వెదకాలనీ ఉంది. అయితే వందలాది కుటుంబాలున్న చోట ఒక్క గురువు ఇంతమందిని ఎరిగి ఉండడం సాధ్యం కాదు. ఆ పనిలో కొంత భాగాన్ని విశ్వాసులు ఎత్తుకోవలసిందే.

దీనికి నమూనా మన ఆరాధనలోనే ఉంది. రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక పీఠాధిపతుల సభ) పెద్దల జ్ఞానస్నాన (బాప్తిస్మ) సిద్ధతను దశలవారీగా పునరుద్ధరించాలని కోరగా, 1972లో పెద్దల క్రైస్తవ ప్రవేశ విధి వెలువడింది. అందులో జ్ఞానస్నానం కోరి వచ్చినవారిని సిద్ధపరచడం జ్ఞానస్నానం పొందినవారందరి బాధ్యతగా చెప్పబడింది. అభ్యర్థి పక్కన అతణ్ణి ఎరిగిన ఒక విశ్వాసి తోడుగా నిలబడి సంఘం ముందు సాక్ష్యం చెబుతాడు. తపస్సుకాలంలోని (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసకాలంలోని) మూడు, నాలుగు, అయిదు ఆదివారాలలో సంఘమంతా వారి కోసం ప్రార్థిస్తుంది. జ్ఞానస్నానం కోరేవారి కోసం శ్రీసభ ఇంత శ్రద్ధగా ఏర్పరచిన తోడును, జ్ఞానస్నానం పొంది కొత్తగా వచ్చినవారికి కూడా మనం ఇవ్వవచ్చు కదా! ఏ పూజకు వస్తున్నారో చూసి, అదే పూజకు వచ్చే ఒక కుటుంబానికి వారిని అప్పగించండి. ఒక ఆదివారం కనిపించకపోతే ఆ కుటుంబం ఫోన్ చేసి క్షేమం అడిగితే చాలు.

రెండో మాట పని గురించి. పరిచయమై కొంతకాలం గడిచాక కొత్తవారిని ఏదో ఒక సేవకు పిలవాలి. గానబృందంలో చోటు, దివ్యగ్రంథ పఠనం, పీఠం అలంకరణ, పిల్లల సత్యోపదేశంలో సహాయం, ఇలా వారికి వీలైనది అడగండి. ఎంత ఆదరించినా, చేతికి పని ఇవ్వనంతవరకు మనిషి అతిథిగానే మిగిలిపోతాడు. పాత కుటుంబాల చేతుల్లోనే అన్ని సేవలూ ఏళ్ళ తరబడి ఉండిపోయిన విచారణలలో ఇది అన్నిటికన్నా కష్టమైన పని. మీ మండలి ముందుగా దీని గురించే మాట్లాడుకోవాలని నా మనవి.

జవాబు 2: తిరిగి వచ్చిన విశ్వాసి

ఉపదేశి గారి మాటలతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పదలిచాను. చాలా ఏళ్ళ తరువాత నేను మొదటిసారి అడుగుపెట్టిన దేవాలయంలో, ప్రకటనల సమయంలో కొత్తవారందరినీ లేచి నిలబడి పరిచయం చేసుకోమన్నారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి ఎంతకాలమయిందో తలచుకుంటూ చివరి వరుసలో కూర్చున్న నాకు, ఆ క్షణంలో అందరి చూపులూ భరించే శక్తి లేకపోయింది. అక్కడికి మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడున్న విచారణలో పూజ ముగిశాక ఒక పెద్దావిడ నా పేరు మాత్రం అడిగి, మరుసటి ఆదివారం ఆ పేరుతోనే పలకరించారు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని ఇంతవరకు అడగలేదు. కొన్ని నెలలకు పాపసంకీర్తన వేళలు ఎప్పుడో నేనే ఆమెను అడిగాను. కొందరికి మౌనంగా కూర్చునే వ్యవధి కావాలి. మీరు నియమించే కుటుంబాలకు ఈ సంగతి ముందే నేర్పండి.

జవాబు 3: కతోలికురాలి భర్త

నేను కతోలికుణ్ణి కాను, నా భార్యతో ప్రతి ఆదివారం వస్తాను. నా వంటివారిని ఇబ్బంది పెట్టేది విశ్వాస భేదం కంటే, ఎప్పుడు ఏం చేయాలో తెలియకపోవడం. దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) సమయంలో వరుసంతా లేచి కదులుతుంటే, కూర్చుంటే అమర్యాద అవుతుందేమో, వెళితే తప్పవుతుందేమో అని సతమతమయ్యేవాణ్ణి. ఒక సేవకుడు పక్కకు పిలిచి, దివ్యసత్ప్రసాదం ఎవరు స్వీకరిస్తారో, ఎందుకో చెప్పి, నేను నిస్సంకోచంగా కూర్చోవచ్చనీ, కావాలంటే చేతులు గుండెల మీద కట్టుకుని గురువుగారి ఆశీర్వాదం కోసం రావచ్చనీ వివరించారు. నియమాన్ని దాచకుండా, నన్ను చిన్నబుచ్చకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఇప్పుడు ప్రతి వారం ఆశీర్వాదం తీసుకుంటున్నాను.

జవాబు 4: విన్సెంట్ డి పాల్ సంఘ సభ్యుడు

గుమ్మం దాకా రాగలిగినవారి గురించే ఇంతవరకు మాట్లాడుకున్నాము. మంచం పట్టినవారు, వృద్ధులు కూడా విచారణ సభ్యులే. 1833లో ఫ్రెడరిక్ ఒజానామ్, ఆయన మిత్రులు పారిస్‌లో మా సంఘాన్ని ఆరంభించినప్పటి నుంచి ఇళ్ళకు వెళ్ళి పేదలను కలవడమే దాని ప్రధాన సేవ. వెళ్ళినవారు కూర్చుని మాట్లాడాలి, ఇవ్వడం ఆ తరువాతి సంగతి. ఆదివారం పూజ నుంచి దివ్యసత్ప్రసాదాన్ని రోగుల దగ్గరికి తీసుకువెళ్ళే సేవకులతో మీరు నియమించే కుటుంబాలను కలపండి. ఇంకొక్క మాట. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి ఆసనం చూపి, పేదవాణ్ణి నిలబడమనడాన్ని యాకోబు లేఖ రెండో అధ్యాయం ఖండిస్తుంది. మన ముందు వరుసలు ఎవరికి దక్కుతున్నాయో మీ మండలి ఒకసారి గమనించాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పరిచయం కోసం లేచి నిలబడమనే పద్ధతి మా పట్టికలో ఉంది, దాన్ని తొలగించమని చెబుతాను. తోడు కుటుంబాల ఆలోచనను గురువుగారి ముందు పెడతాను. ఉపదేశి గారూ, ఒక కుటుంబానికి ఎంతమంది కొత్తవారిని అప్పగించడం మంచిది?

జవాబు 1 (తిరిగి): ఉపదేశి

ఒకసారికి ఒక్క ఇంటివారినే అప్పగించండి. వారు ఏదైనా సేవలో కుదురుకున్నాక మరొకరిని ఇవ్వవచ్చు. తోడుగా ఉండేవారిని ఎంచుకునేటప్పుడు అన్ని సంఘాలలోనూ ముందుండేవారిని వదిలి, ప్రతి వారం క్రమం తప్పకుండా వచ్చే నిదానస్తులను అడగండి. ఇంతవరకు ఏ బాధ్యతా దక్కని పాత సభ్యులు ఈ సేవకు చక్కగా సరిపోతారు.