స్పార్క్ ప్లగ్ థ్రెడ్ (మర) పోయింది, ఇంజన్ హెడ్ దించకుండా ఇంట్లోనే బాగుచేయొచ్చా?

పాతబండి_డాలస్
అందరికీ నమస్తే. నాది 2002 మోడల్ పికప్ ట్రక్కు, వి8 పెట్రోల్ ఇంజన్, అల్యూమినియం హెడ్లు (సిలిండర్ల మీది మూతలు, ప్లగ్‌లు బిగించేది వీటికే), 1,60,000 మైళ్ళు తిరిగింది. ఆరు నెలల కింద ప్లగ్‌లు ఎనిమిదీ నేనే మార్చాను. ఏడు బాగానే ఎక్కాయి. ప్యాసింజర్ వైపు ఆఖరిది మాత్రం ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) కింద నక్కి ఉంటుంది, కంటికి కనపడదు, చెయ్యి సరిగ్గా దూరదు. అప్పటికే చీకటి పడింది, మా ఆవిడ అన్నానికి రెండుసార్లు పిలిచింది. రెండు చుట్లకే బిగుసుకుంటే మురికి పట్టిందేమోలే అనుకుని రాట్చెట్ వేసి తిప్పేశాను. తప్పు నాదే.

మొన్న శనివారం హైవే ఎక్కుతుంటే ఫట్‌మని ఒక్క చప్పుడు, ఆ వెంటనే టపటపటప. బానెట్ ఎత్తి చూస్తే ప్లగ్ బయటికి ఎగిరొచ్చింది, దాని మీదుండే ఇగ్నిషన్ కాయిల్ రెండు ముక్కలై వైరుకి వేలాడుతోంది. ప్లగ్ మరల్లో అల్యూమినియం వెండి తీగలా చుట్టుకుని ఉంది. షాపులో అడిగితే హెడ్ మార్చాలి, 2,800 డాలర్లు అన్నారు. బండి కొన్నదే 3,500కి! పాడైన మరలో హెలికాయిల్ వేస్తే సరిపోతుందా?

గోదారి_గ్యారేజ్
అన్నా, హెడ్ మార్చక్కర్లేదు. నా బండికి రెండేళ్ళ కింద ఇదే పని చేశాను. హెలికాయిల్ వద్దు. అది స్ప్రింగులా చుట్టిన తీగ, మళ్ళీ ప్లగ్ విప్పినప్పుడు దాంతోపాటే బయటికి రావచ్చు. కాలర్ ఉన్న గట్టి స్టీల్ బుష్ (లోపల ప్లగ్‌కి మర ఉండే గొట్టం ముక్క) కిట్ తీసుకో, టైమ్-సర్ట్ లాంటిది. నీ ప్లగ్ మర ఎం14×1.25 (14 మిల్లీమీటర్ల వ్యాసం, 1.25 మిల్లీమీటర్ల పిచ్) అయ్యుంటుంది, కొలిచి చూసుకో. వాషర్‌తో కూర్చునేదా, ఏటవాలు సీటుదా అన్నది కూడా చూసే కొను. దానికి తగ్గ కిట్టే రావాలి.

ముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకేయ్. ఆ సిలిండర్‌ని కంప్రెషన్ స్ట్రోక్ (పిస్టన్ గాలిని నొక్కుతూ పైకొచ్చే దశ) మధ్యలో ఆపు. వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, పిస్టన్ కూడా టాప్‌కి (బుష్ కోసం కొత్త మర కోసే పనిముట్టు) తగలదు. టాప్ గాళ్ళలో గ్రీజు దట్టంగా పట్టించు, రజను దానికే అంటుకుంటుంది. పావు చుట్టు తిప్పు, వెనక్కి తిప్పు, బయటికి తీసి తుడువు, మళ్ళీ గ్రీజు పెట్టు. ఇరవైసార్లు తీయాల్సొచ్చినా విసుక్కోకు. బుష్‌కి వేడి తట్టుకునే థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) రాసి వెయ్యి.

ఆటోనగర్_లేత్
మాది బెజవాడ ఆటోనగర్, లేత్ షాపు. ట్రక్కు అంటే లారీ అనుకుని నవ్వుకున్నా తమ్ముడూ, డీజిల్ బండికి ప్లగ్ ఎక్కడిదీ అని! మా దగ్గరైతే హెడ్ దించి, ప్లగ్ రంధ్రం పెద్దది చేసి, మేమే లేత్ మీద బుష్ చేసి వేస్తాం. నీకు అక్కడ హెడ్ దించే కూలితోనే బండి ఖరీదు వచ్చేస్తుంది కాబట్టి దించకుండానే చెయ్యి.

ఒకటే భయం, టాప్ పక్కకి వాలకూడదు. వాలితే బుష్ కూడా అలాగే కూర్చుంటుంది, ప్లగ్ ఒక పక్కే ఆనుతుంది, అట్నుంచి గ్యాస్ కొడుతుంది. పక్క సిలిండర్ ప్లగ్ విప్పకుండా దాని మీద పొడుగు ఎక్స్‌టెన్షన్ (రాట్చెట్‌కి తగిలించే కడ్డీ) నిలబెట్టుకో. నీ టాప్ దానికి సమానంగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూసుకుంటూ తిప్పు.

ఇంకోటి. ప్లగ్ తలకి రబ్బరు పైపు ముక్క తొడిగి, ఆ పైపుతోనే తిప్పి ఎక్కించు. థ్రెడ్ అడ్డంగా పడితే పైపే జారిపోతుంది, మర పాడవదు. ఆ రోజు ఇది చేసుంటే నీకు ఈ గొడవే లేదు.

పాతబండి_డాలస్
ఆదివారం పని పూర్తయింది. అయిదు గంటలు పట్టింది, అందులో రెండు గంటలు హీటర్ పైపు పక్కకి జరపడానికే. ఎక్స్‌టెన్షన్ చిట్కా లేకపోతే మునిగిపోయేవాణ్ణి. మొదట టాప్ ఫైర్‌వాల్ వైపు వాలింది, కొంచెమే కోసింది కాబట్టి సరిచేసుకోగలిగాను.

అంత గ్రీజు పెట్టినా, సన్న కెమెరా దించి చూస్తే పిస్టన్ మీద నూక గింజంత ముక్క మెరుస్తోంది. మా వాడి చేపల తొట్టి గొట్టాన్ని వ్యాక్యూమ్ క్లీనర్‌కి టేపుతో చుట్టి లాగాను. మూడోసారికి వచ్చింది. ఫ్యూజ్ పెట్టకుండానే, ప్లగ్ లేకుండా నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టాను. ఆ పని చేసేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకోండి, చొక్కా అంతా గ్రీజు మరకలే.

ప్లగ్‌కి రబ్బరు పైపు తొడిగితే రెండుసార్లు చేతిలోనే జారింది. మూడోసారి వెనక్కి అర చుట్టు తిప్పితే టక్కున దిగింది, ఆ తర్వాత చివరిదాకా వేళ్ళతోనే ఎక్కింది. నాది ఏటవాలు సీటు కాబట్టి టార్క్ రెంచ్‌తో 15 న్యూటన్ మీటర్లు. కొత్త కాయిల్ వేసి 40 మైళ్ళు తిప్పాను, చప్పుడు లేదు. మిగతా ఏడింటినీ విప్పి చూడాలా?

గోదారి_గ్యారేజ్
విప్పకు. ఇంజన్ పూర్తిగా చల్లారాక అదే టార్క్ పెట్టి బిగువు చూడు. కదలకపోతే వదిలెయ్ అన్నా.