ఓ0లో నడిచే కోడ్‌ను అలాగే పంపవచ్చా?

పాతకాపు:
మా బోర్డు మీద 8 బిట్ల ఏవీఆర్ మైక్రోకంట్రోలరు చిప్పు ఉంది. టైమర్ ఇంటరప్టు (నడుస్తున్న కోడ్‌ను మధ్యలో ఆపి తన పని చేసుకునే సంకేతం) ప్రతి మిల్లీసెకండుకూ 32 బిట్ల గ్లోబల్ కౌంటరును ఒకటి పెంచుతుంది. అది లక్ష్యాన్ని చేరేవరకు వైల్ లూపులో వేచి, తరువాత మోటారును ఆపాలి. ఓ2తో (కోడ్‌ను వేగంగా నడిచేలా మార్చే ఆప్టిమైజేషన్‌తో) కంపైల్ చేస్తే లూపు నుంచి బయటికి రావడం లేదు, ఓ0తో (ఆప్టిమైజేషన్ లేకుండా) నిక్షేపంగా నడుస్తోంది. తప్పు కంపైలరుదే కనుక ఓ0తోనే పంపించేస్తాను.

గడియారం:
కౌంటరుకు వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలరుకు చెప్పే పదం) పెట్టారా?

పాతకాపు:
లేదు. పదేళ్లుగా పెట్టకుండానే నడిపాను.

ఓపిక:
ఆ లూపులో కౌంటరును మార్చే వాక్యమేదీ కంపైలరుకు కనిపించదు కాబట్టి, ఒక్కసారి ప్రాసెసరు లోపలి రిజిస్టర్లలోకి తెచ్చుకుని ఇక మెమరీ వంక చూడదు. సీ భాష ప్రమాణం దానికి ఆ స్వేచ్ఛ ఇచ్చింది. అయితే వోలటైల్ ఒక్కటే చాలదు. ఏవీఆర్ నాలుగు బైట్లను విడివిడిగా చదువుతుంది; లెక్క 255 వద్ద కింది బైటు చదవగానే ఇంటరప్టు దూరి దాన్ని 256 చేస్తే, పాత 255, కొత్త పైబైటు (దాని విలువ 256) కలిసి మీ చేతికి 511 వస్తుంది. మోటారు ముందే ఆగిపోతుంది. ఈ లోపం ఓ0లోనూ ఉంది. చదివేంతసేపు ఇంటరప్టులను ఆపండి.

పాతకాపు:
లూపులో విలువను సీరియల్ పోర్టుకు పంపే ప్రింట్ఎఫ్ పెట్టి ఓ2లోనే చూశాను. చక్కగా నడిచింది, 511 ఎక్కడా రాలేదు.

ఓపిక:
ప్రింట్ఎఫ్ వల్లనే నడిచింది! బయటి ఫంక్షను గ్లోబల్‌ను మార్చి ఉండవచ్చని కంపైలరు దాన్ని మళ్లీ చదువుతుంది. పైగా 9600 బాడ్ (సెకండుకు 9600 బిట్లు) వద్ద ఒక అక్షరానికి దాదాపు 1.04 మిల్లీసెకండ్లు పడుతుంది. 20 అక్షరాలు పంపేసరికి మీ కౌంటరు 20 సార్లు పెరిగిపోతుంది. ఆ తీరులో 511 కంటపడే అవకాశం ఇంకా తగ్గిపోతుంది.

చిప్పుమనిషి:
ప్రింట్ఎఫ్ బదులు ఒక పిన్ను వోల్టేజిని ఎత్తి దించి ఆసిలోస్కోపులో చూడండి.

పాతకాపు:
పాఠాలు చాలు. గత ప్రాజెక్టులో వోల్టేజి పడిపోయి చిప్పు రీసెట్ అవుతుంటే, మూడు వారాలు నా కోడ్‌నే తప్పుపట్టారు. చివరికి దోషం కెపాసిటరుదని తేలినా ఎవరూ పెదవి విప్పలేదు. ఇప్పుడు నేనే కోడ్ తప్పని రాసిస్తే, రేపు ప్రతి రీసెట్టూ నా నెత్తినే పడుతుంది.

గడియారం:
అంటే కంపైలరు మీద కోపం కాదన్నమాట.

పాతకాపు:
కాదు. సరే, వోలటైల్ పెట్టాను, ఓ2లో నడుస్తోంది. ఇంటరప్టులను మాత్రం ఆపను. 16 మెగాహెర్ట్జ్ వద్ద నాలుగు బైట్ల చదువుకు పట్టేది అర మైక్రోసెకండు, అంతలో ఇంటరప్టు దూరుతుందా?

ఓపిక:
మీ లూపు ఆ అర మైక్రోసెకండు పనినే ఊపిరి తిప్పుకోకుండా చేస్తుంది, ప్రతి 256 మిల్లీసెకండ్లకూ కింది బైటు పొంగుతుంది. లక్ష్యాన్ని 400 పెట్టి, కౌంటరును సున్నా నుంచి మళ్లీ మళ్లీ నడుపుతూ, మోటారు పిన్నును ఒక రాత్రంతా లాజిక్ ఎనలైజరుకు (పిన్ను మార్పులను నమోదు చేసే పరికరానికి) తగిలించి ఉంచండి.